మా వీధిలో లేని మగమనిషి

దుర్గమ్మ కొండ ఉన్న దిక్కుకి తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని రాస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. కుడిచెయ్యి గుండె మీద ఉంటే రాసేది ఏ చేత్తో అని మా ఆవిడ అప్పుడే అడిగింది. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళు ఇంట్లో ఉంటే మనిషి నిజం చెప్పడం చాలా కష్టం.

నాది చీరల వ్యాపారం. మంగళగిరిలో మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తెచ్చి, ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్ళలో స్కూటరు మీద ఇంటింటికీ తిరిగి అమ్ముతాను. ఊరికే చీర చూపిస్తే ఎవరూ కొనరు. మూట విప్పాలి, మడత విప్పాలి, ఆ చీర నేసినవాళ్ళ గురించి ఒక కథ కూడా విప్పాలి. ఒకసారి ఓ చీర అంచు నేసిన ముసలాయనకి చూపు లేదనీ, వేళ్ళతో తడిమి రంగు చెబుతాడనీ అన్నాను. కొన్నావిడ ఆయనకి దణ్ణం పెట్టుకోవడానికి మంగళగిరి ప్రయాణం కట్టింది. ఆయన కాశీ వెళ్ళాడని చెప్పి ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బ్యారేజీ గేట్లెత్తిన రోజున ఒక వాలుగ చేప నా టిఫిన్ క్యారేజీ లాక్కుపోయి, మర్నాడు కడిగి తెచ్చి ఇచ్చిందన్న సంగతి మాత్రం మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. సరిగ్గా కడగలేదని చెప్పినా నమ్మరు.

మా వీధి చివర పెంకుటింట్లో ఒకామె అద్దెకుంటుంది. మిషను కుడుతుంది. నేను అమ్మే చీరలకి ఫాల్సు, జాకెట్లు ఆమే కుడుతుంది. నన్ను అన్నయ్యా అంటుంది, మా ఆవిడని వదినా అంటుంది. ఇద్దరిదీ ఒకటే డ్వాక్రా సంఘం. ఆ సంఘానికి మా ఆవిడే లీడరు, నాక్కూడా. ఆమెకి ఒక కూతురు. గురుకుల పాఠశాలలో, అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పుస్తకాలు, తిండి, బట్టలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పిల్ల సెలవులకి వస్తే తప్ప ఇంట్లో ఆమె ఒక్కతే.

భర్త సంగతి అడిగితే "పనికెళ్ళాడు" అనేది. ఆమె మా వీధికొచ్చేటప్పటికే ఆయన లేడు. ఏ ఊరు వెళ్ళాడో, ఏం పనో మేమెవరం అడగలేదు. పండగలొచ్చాయి, పోయాయి. పిల్లకి జ్వరం వచ్చింది, తగ్గింది. ఆయన పనిలోనే ఉన్నాడు. వీధి మొత్తానికి సంగతి అర్థమైంది గానీ, ఎవరి నోటమ్మటా ఆ మాట రాలేదు. ఆమె "పనికెళ్ళాడు" అంటే మేమూ "పనికెళ్ళాడు" అనేవాళ్ళం.

చెరుకు కొట్టే రోజుల్లో మా వీధిలోంచి ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ఎక్కడెక్కడి మనుషులో వస్తారు. వాళ్ళలో ఒకడు మంచినీళ్ళని ఒకసారి, అగ్గిపెట్టె అని ఒకసారి ఆమె గుమ్మం ముందు ఆగడం మొదలెట్టాడు. ఆమె మా ఆవిడతో చెప్పింది. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు మా వైపు ఎప్పట్నుంచో చేసే పని ఒకటుంది. గుమ్మం ముందు మగాడి చెప్పులు వదిలి ఉంచుతారు, బట్టల తీగ మీద మగాడి చొక్కా ఆరేస్తారు. మా నాన్న ఊళ్ళో లేనప్పుడు మా అమ్మ కూడా అలాగే చేసేది. గవర్నర్‌పేటలో ఫుట్‌పాత్ మీద ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద సైజు చెప్పులు నేను తెచ్చాను. నా నీలం గళ్ళ చొక్కా మా ఆవిడ ఇచ్చింది. నన్ను అడగలేదు.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ అంత పెద్ద చెప్పులు చూశాక వాటికి తగ్గ మనిషి ఒకడు ఉండాలనిపించింది. ఆమె భర్త తిరిగొచ్చాడని, చక్కెర ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీలో చేరాడని, పగలంతా పడుకుంటాడని టీ కొట్టు దగ్గర చెప్పాను. ఆరడుగుల పైన ఉంటాడన్నాను. మాట్లాడడు గానీ, నిద్ర చెడగొడితే ఊరుకోడన్నాను. ఫ్యాక్టరీ దగ్గర చెరుకు ట్రాక్టరు ఒకటి గోతిలో దిగబడితే ఒంటిచేత్తో లేపాడని కూడా అన్నాను. ఇక వీధిలో ఆరిళ్ళ వాళ్ళకీ ఒకటే పాఠం చెప్పాను. కొత్తవాళ్ళెవరొచ్చి అడిగినా "పడుకున్నాడు, నైట్ డ్యూటీ" అనాలి, అంతే. అందరికన్నా బాగా నేర్చుకున్నది ఆమె పక్కింటి మామ్మ.

మంచినీళ్ళవాడు రావడం మానేశాడు. మా కథ మాత్రం ఆగలేదు. వారం తిరక్కుండానే టీ కొట్టాయన "నిన్న పొద్దున డ్యూటీ దిగి ఇక్కడే టీ తాగాడు, చక్కెర ఎక్కువ వేయమన్నాడు" అని నాకే చెప్పాడు. నేను పుట్టించిన మనిషికి షుగరు లేదని నాకు అప్పుడే తెలిసింది.

ఇలా ఉండగా ఒంటరి మహిళల పింఛనుకి దరఖాస్తులు తీసుకుంటున్నారని సంఘం మీటింగులో మా ఆవిడ చెప్పింది. భర్త వదిలేసి వెళ్ళిన వాళ్ళకి కూడా ఇస్తారు. ఆషాఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళుండవు, కుట్టు పనీ ఉండదు. ఆ నెల ఆమె ఎలా నెట్టుకొచ్చేదో మా ఆవిడకి తెలుసు. ఇద్దరూ కలిసి గ్రామ సచివాలయానికి వెళ్ళి దరఖాస్తు పెట్టారు. 'భర్త వదిలివేసినది' అన్న గడిలో టిక్కు మా ఆవిడే పెట్టిందట. ఆమె కింద సంతకం చేసి, కాయితం మడిచి ఇచ్చిందట.

ఆ తర్వాత వారం ఇల్లు చూసి రాసుకోవడానికి సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంట్ వచ్చింది. బందరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆ పూట మిషను కుట్టే ఆమె దారాల కోసం ఉయ్యూరు వెళ్ళింది, నేను ఊళ్ళ మీద తిరుగుతున్నాను, మా ఆవిడ సంఘం పని మీద పోయింది. వీధికి కాపలాగా మిగిలింది మామ్మ. తర్వాత మామ్మే మాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ష్, నెమ్మదిగా అమ్మా. ఆయన పడుకున్నాడు."

"ఎవరండీ?"

"ఇంకెవరు, దీని మొగుడు. నైట్ డ్యూటీ. లేపావంటే మీద పడతాడు."

"బయట తాళం వేసుంది కదండీ మామ్మగారూ?"

"అదే వేసుకుని పోద్ది. ఎవరూ లేపకూడదని."

ఆ అమ్మాయి గుమ్మం ముందు చెప్పులు చూసింది. తీగ మీద నీలం గళ్ళ చొక్కా చూసింది. రెండూ పడేలా ఇల్లు ఫోటో తీసి ఫోన్లో ఎక్కించింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కళ్ళకి కనబడింది, చెవులకి వినబడింది రాసుకుంది.

"తడుముకోకుండా చెప్పాను కదరా!" అని మామ్మ నన్ను మెప్పు అడిగింది. ఏమనాలి? బాగా చెప్పావు మామ్మా అన్నాను. నిజంగానే బాగా చెప్పింది.

సచివాలయం గోడకి లిస్టు అంటించారు. అర్హుల్లో ఆమె పేరు లేదు. అనర్హుల్లో ఉంది. ఎదురుగా 'భర్తతో కలిసి ఉంటున్నారు' అని రాసి ఉంది.

ఆమె నేరుగా మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుంది. మా ఆవిడ మంచినీళ్ళిస్తే తాగలేదు.

"అన్నయ్యా, పింఛను రాకపోతే పోనీ అనుకుందును. ఆషాఢం నాకు కొత్త కాదు. కానీ ఆయన నాతో కలిసుంటున్నాడని గవర్నమెంటు కాయితంలో ఎక్కింది. గోడకి అంటించారు. ఊరంతా చదువుతున్నారు."

"నేను మాట్లాడతానమ్మా."

"నువ్వు మాట్లాడబట్టే కదా ఇంత వరకూ వచ్చింది," అంది మా ఆవిడ.

మర్నాడు సచివాలయానికి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి ఉప్పూ కారం వేయకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది. విని, పక్కన కూర్చున్న మా ఊరి గుమాస్తా వైపు చూసింది.

"ఈయన చెప్పేది వినడానికి బాగుంటది మేడమ్," అన్నాడు అతను. "టిఫిన్ క్యారేజీ చేప సంగతి చెప్పించుకోండి. ఇంకా బాగుంటది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "గ్రామసభలో అభ్యంతరం చెప్పండి సార్. అందరూ ఉంటారు. అక్కడ తేలితే నేను మార్చి రాస్తాను," అంది.

గ్రామసభ హైస్కూలు వరండాలో పెట్టారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఆ అమ్మాయి ఒక్కో పేరూ చదివింది. ఆమె పేరు వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను.

"ఆ ఇంట్లో మగమనిషి లేడు. నేనే పుట్టించాను."

వరండా అంతా గొల్లున నవ్వింది.

"ఎప్పుడు పుట్టించావు బాబాయ్, నెలలు నిండాయా?" అని వెనక నుంచి ఎవడో కుర్రాడు అరిచాడు.

"ఒట్టు. అలాంటి మనిషే లేడు," అన్నాను.

"లేకపోవడమేంటి? నా కొట్లో టీ తాగుతుంటే!" అని టీ కొట్టాయన లేచాడు. "మొన్న కూడా వచ్చాడు."

"నేనూ చూశాను," అన్నాడు పాల కేంద్రం ఆయన. "ఫ్యాక్టరీ గేటు దగ్గర. నన్ను చూసి తలూపాడు కూడా."

నేను చెప్పిన అబద్ధానికి ఊళ్ళో ఇద్దరు సాక్షులున్నారు. నేను చెప్పిన నిజానికి ఒక్కడూ లేడు. మా ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. "ఆ చెప్పులు తెప్పించండి" అన్నాను. మామ్మ వెళ్ళి వాటిని చీర కొంగులో పెట్టుకుని తెచ్చింది. వెల్ఫేర్ అసిస్టెంట్ వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. రెండూ ఎడమకాలి చెప్పులే. ఫుట్‌పాత్ మీద చవగ్గా వస్తున్నాయని నేను చూడకుండా తెచ్చాను. అడుగున ధర చీటీ కూడా ఊడలేదు.

"ఈయన రెండు ఎడమకాళ్ళతో ఫ్యాక్టరీకి ఎలా నడుస్తున్నాడండీ?" అని ఆ అమ్మాయి టీ కొట్టాయన్ని అడిగింది. ఆయన గోడ వైపు తిరిగాడు. సభ అంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఆ అమ్మాయి పాత మాట కొట్టేసి, 'ఒంటరిగా ఉంటున్నారు' అని రాసింది. పింఛను వచ్చింది. కథ కంచికి పోవలసింది ఇక్కడే.

పోలేదు. ఇది ఇక్కడిదాకా రాసి, ఫాల్సు కుట్టిన చీరలు ఇవ్వడానికొచ్చిన ఆమెకే ముందుగా చదివి వినిపించాను. మామ్మ మాటల దగ్గర నవ్వింది. చెప్పుల దగ్గర నవ్వలేదు.

"చెప్పులు మంచివే కదన్నయ్యా," అంది. "ఒకటి కుడిది, ఒకటి ఎడమది."

అవును. ఒప్పుకుంటున్నాను. చెప్పులు మంచి జోడే. మామ్మ వాటిని తేలేదు. నాకు ఏ ఉపాయమూ తట్టలేదు. వాలుగ చేప సంగతి మళ్ళీ ఎప్పుడైనా తేల్చుకుందాం గానీ, ఈ కథలో నేను కల్పించింది ఆ చెప్పుల ముక్కే.

జరిగింది ఇది. పాల కేంద్రం ఆయన సాక్ష్యం చెప్పి కూర్చున్నాక ఆ అమ్మాయి తర్వాతి పేరు చదవబోయింది. ఆడవాళ్ళ వరసలోంచి ఆమె లేచింది. పమిట భుజం మీదుగా లాక్కుని, ఎవరి వైపూ చూడకుండా, బల్ల మీది కాయితాలతో చెబుతున్నట్టు చెప్పింది.

"నా భర్త నన్ను వదిలేసి వెళ్ళాడండి. ఎక్కడికీ పనికెళ్ళలేదు. వేరే ఆమెతో ఉంటున్నాడు. మా అమ్మాయికి తెలుసు. ఆ చొక్కా నేనే తడుపుతాను, నేనే ఆరేస్తాను. మా ఇంట్లో దాన్ని వేసుకునేవాళ్ళు ఎవరూ లేరు."

ఎవరూ నవ్వలేదు. టీ కొట్టాయన తనంతట తానే లేచి, "నేను చూసింది ఆయన్ని కాదేమోనమ్మా," అన్నాడు. వెల్ఫేర్ అసిస్టెంట్ పాత మాట కొట్టేసి, మార్చి రాసింది. మా ఆవిడ లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

ఏళ్ళ తరబడి వీధంతా దాచిపెట్టిన మాటని, నేను పుట్టించిన మనిషి వల్ల, ఆమె ఊరందరి ముందూ చెప్పవలసి వచ్చింది. అది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే ఆమెని కూర్చోబెట్టి చెప్పుల్ని తెప్పించాను. ఆమెతో అదే అన్నాను, నీకు బాధ లేకుండా ఉంటుందని మార్చానమ్మా అని.

ఆమె చీరలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

"బాధే. అయినా ఆ రోజు లేచింది నేను కదన్నయ్యా. నువ్వు రాసినదాంట్లో నేను కూర్చునే ఉన్నాను," అంది. "నన్ను లేపి రాయి."

అందుకని రాశాను.