విశ్వకర్మ పూజకి నేను తుడిచిన కంప్యూటరు

ఆ రోజుల్లో మా ఇంటికి ఏ కొత్త సంగతి రావాలన్నా మా మావయ్య స్కూటరెక్కి రావలసిందే. టాటానగర్ రైల్వేలో ఆయనది సిగ్నళ్ళ పని. 'లైనక్స్' అనే మాటని కూడా మొదట ఆయనే, ఒక ఆదివారం, జుగ్సలాయి బజారులో కొన్న కందిపప్పుతో పాటు మా గుమ్మంలో దించాడు. "వైరస్ పట్టని కంప్యూటరు పాపా! భాలుబాసాలో తెలిసినాయన దుకాణంలో నానే ఎట్టినాను. దానికో మనిషి కావాల. నువ్వెల్తావేటి?" అన్నాడు. నేను బడి మొహం చూసిన పిల్లని కాను. ఉబ్బసం వల్ల అమ్మే ఇంట్లో కూచోబెట్టి చదువు చెప్పింది (రామాయణంతో తెలుగు, రైల్వే టైంటేబుల్‌తో లెక్కలు). అలాంటిదాన్ని పనిలోకి తీసుకుంటామన్న మొదటి చోటు అది. దేవుడు స్కూటరు మీద వచ్చాడనే అనుకున్నాను. నాన్న మాత్రం, "ఒక్క ఫిర్యాదు వచ్చిందంటే మర్నాటి నుంచి ఇంట్లోనే" అని షరతు పెట్టి పంపాడు.

ఆ దుకాణంలో ఫారాలు నింపుతాం, టైపు చేస్తాం, ప్రింట్లు తీస్తాం. యజమానిని అందరూ బాబాయి అనేవారు కాబట్టి నేనూ బాబాయే అన్నాను. కర్మాగారంలో కాంట్రాక్టు పని మానేసి దుకాణం పెట్టుకున్న మనిషి, ఎవరి అనుమతీ అడగక్కర్లేని బతుకు కావాలని. అలాంటాయన పాలిట పడింది, విండోస్ బదులు కంప్యూటరుని నడిపే ఈ లైనక్సు. అందులో రోజువారీ పనికి ఒక మామూలు ఖాతా, అన్నింటి మీదా పెత్తనం చేసే 'రూట్' ఖాతా ఒకటి ఉంటాయి. మామూలు ఖాతాలో ఉండి పెద్ద పనేదైనా చేయబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. మావయ్య డ్యూటీ దిగి టీకి వచ్చాడంటే చాలు, ఇద్దరికీ దీని మీద యుద్ధమే.

"మిషను నాది, కరెంటు నాది, బల్ల నాది. మళ్ళీ నన్నే పాస్‌వర్డడుగుతాదా? నా ఇంట్లోకి నానెల్డానికి గేట్‌పాసేటయ్యా?"

"స్టేషన్ నడిపేది స్టేషన్ మాస్టరే కదన్నా? అయినా ఎదర లైను కిలీరని సెప్పకుండా బండిని ఒగ్గుతాడేటి? మనిషన్నాక తొందరపడతాడు. ఆ తొందరకే ఈ అడ్డు."

"నాకేటి తొందర? నానేటి పిల్లోడినా?"

ఫారం కోసం నిలబడ్డ కాలేజీ అమ్మాయి తెలుగు అర్థమై కూడా ముందు తన ఫారం తీసిమ్మని హిందీలోనే మొత్తుకునేది: "అంకుల్, పహలే మేరా ఫారమ్ తో నికాల్ దీజియే!"

యుద్ధంలో నేనెటు అని మీరడగవచ్చు. జీతమిచ్చేవారి వైపే. మామూలు ఖాతా వదిలేసి ఏకంగా రూట్‌గానే లోపలికి వెళ్ళమని బాబాయి ఆజ్ఞ. అలా వెళితే తెరంతా ఎర్రగా అయిపోయేది. జాగ్రత్త అని భయపెట్టడానికి దాన్ని చేసినవాళ్ళు పెట్టిన ఎరుపట అది. నాకేం తెలుసు? అచ్చం అమ్మవారి కుంకుమలా ఉందని ప్రతి ఉదయం తెరకి దండం పెట్టుకుని పని మొదలుపెట్టేదాన్ని. అన్ని మిషన్లూ ఇంత శుభంగా ఎందుకుండవో అని జాలి కూడా పడ్డాను.

నేను చేరిన నెలకి విశ్వకర్మ పూజ వచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు స్పానరు నుంచి క్రేను దాకా ప్రతిదానికీ స్నానం, బొట్టు, బంతిపూల దండ. ఆ రోజు పనిముట్టుకి సెలవు. ముందు రోజు సాయంత్రం బాబాయి సామాన్లకి వెళుతూ, "అన్నీ శుభ్రంగా తుడిసీ తల్లీ, మూల కూడా ఒగ్గీకు" అన్నాడు. ప్రింటరు తుడిచాను, కీబోర్డు బోర్లించి దులిపాను (అందులోంచి రాలిన చుడువా అటుకులతో ఒక పిచ్చుకకి భోజనమవుతుంది). అప్పుడు నా భక్తి ఒకడుగు ముందుకేసింది. పైన తుడిచి లోపల వదిలేస్తే అది పూజేనా? ఫోల్డర్లు తెరిచాను. మా దుకాణానికొచ్చేవాళ్ళ పేర్లున్నవన్నీ ఒక చోట ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. మిగతావి ఎవరి పేరూ లేని, ఎవరూ తెరవగా నేను చూడని, మూడేసి అక్షరాల పొట్టి ఫోల్డర్లు. ఏళ్ళ నాటి చెత్త అనుకుని ఒక్కొక్కటే చెరిపేశాను. కావాలా వద్దా అని ఎవరూ అడ్డు చెప్పలేదు, రూట్‌ని కదా! కాసేపటికి బొమ్మలన్నీ మాయమై తెర కదలడం మానేసింది. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుని, స్విచ్చి కట్టేసి, పసుపు బొట్టు పెట్టి ఇంటికొచ్చాను.

మర్నాడు పూజయ్యాక, హారతి వేళకి ఒక్కసారి వెలిగిద్దామని బాబాయి మీట నొక్కాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు రెండు వరసలు వచ్చి ఆగిపోయాయి.

"బాబాయ్, నిన్న లోపల కూడా తుడిసినాను."

"లోపలంటే? కవరిప్పినావా?"

"కాదు. ఫోల్డర్లు. ఎవరి పేరూ లేనివి."

బాబాయి చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ప్రసాదానికని మావయ్య లోపలికొచ్చాడు, తెర చూశాడు. ఈ మాట సాయంత్రానికి నాన్న చెవిన పడుతుంది, రేపటి నుంచి నేనింట్లోనే.

"ఇదేటన్నా? ఎవలు సేసినారిది?"

బాబాయి నావైపు చూడలేదు. "నానే," అన్నాడు. "పూజ కదా, లోపల కూడా తుడుద్దామని..."

"రూట్‌లోనా?"

"ఊఁ. రూట్‌లోనే. ఇంకేటి, నువ్వే గెలిసినావు. లడ్డూ తిను."

మావయ్య నవ్వాడు. గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కంప్యూటరు నడవడానికే కావలసిన, నేను చెత్తనుకున్న ఆ పొట్టి ఫోల్డర్లన్నీ మర్నాడు సీడీ తెచ్చి మళ్ళీ ఎక్కించాడు. దుకాణానికొచ్చేవాళ్ళ ఫైళ్ళు ఒక్కటి కూడా పోలేదు (ఆ తండ్రి విశ్వకర్మకి వేయి నమస్కారాలు). నాకు మామూలు ఖాతా తెరిచారు. రూట్ పాస్‌వర్డ్ మావయ్య దగ్గరే ఉండాలని బాబాయే ఒప్పుకున్నాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదని దుకాణం పెట్టిన మనిషి, ఆ తర్వాత ప్రింటరు మార్చాలన్నా రైల్వే కాలనీలో మావయ్యకి ఫోను చేసేవాడు. పైగా మావయ్య ఆ కథ ప్రతి పెళ్ళిలో, ప్రతి పంక్తిలో చెప్పాడు. "అన్నా, ఇంట్లో బీరువా కూడా లోపల తుడిసినావేటి?" అని కుర్రాళ్ళు కూడా ఏడిపించేవారు. బాబాయి నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నావైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

ఆ దుకాణంలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఇప్పుడు జంషెడ్‌పూర్‌లోనే మాంగో అనే పేటలో, మా ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకి కంప్యూటరు నేర్పుతున్నాను. ఎర్ర తెరకి దండం పెట్టిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ పిల్లకి నోరు మాత్రం లేకపోయింది. బాబాయి ఉన్నన్నాళ్ళూ 'చేసింది నేనే' అని పదిమందిలో చెప్పలేకపోయాను. ఇప్పుడాయన లేడు. మావయ్యా, ఇది నువ్వు చదువుతావు కాబట్టి చెబుతున్నాను: ఆ రోజు రూట్‌లో ఉన్నది నేను.

చదివే మీకు ఒక మనవి. మీ ఇంట్లో దీపం పెట్టే అలవాటుంటే, ఒక్క సాయంత్రం మా బాబాయిని తలుచుకోండి. పేరు రాయలేదు, భాలుబాసా దుకాణం బాబాయి అంటే చాలు, ఆయనకి చేరుతుంది.