సగం క్షవరం

అమెరికాలోని మెంఫిస్‌లో జుట్టు కత్తిరించే లూషస్‌కు ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ల జబ్బకు బీపీ పట్టీ కట్టి చూశాకే మెడకు గుడ్డ కడతాడు. నల్లవాడివని లోకం చేసిన అవమానాలన్నీ నవ్వుతూ దిగమింగిన అతని తండ్రి యాభై రెండేళ్లకే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచీ లూషస్‌కు ఈ పట్టుదల.

ఆ శనివారం పోస్ట్‌మ్యాన్ థాడియస్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"కొత్త వీధిలో ఒకావిడ నన్ను చూసి పోలీసుల్ని పిలిచిందన్నా! ఒంటిమీద యూనిఫాం, చేతిలో ఆవిడ ఉత్తరాలే! ఈ నెల్లో ఇది మూడోసారి," అంటూ పగలబడి నవ్వాడు.

లూషస్ అతన్ని ఐదు నిమిషాలు నోరు మూయించి చూస్తే బీపీ నూట డెబ్బై నాలుగు ఉంది.

"నవ్వేది నీ మొహం ఒక్కటేరా, గుండె కాదు. డాక్టరు దగ్గరికెళ్లు."

"వచ్చే నెల వెళ్తాలే అన్నా."

లూషస్ మెడకు గుడ్డ కట్టి, ఎడమవైపు నున్నగా కత్తిరించి, గుడ్డ దులిపేశాడు.

"ఇదేంటన్నా! రేపు చర్చిలో పాడాలి!"

"మిగతా సగం డాక్టరుకి చూపించుకొచ్చాకే."

"టోపీ పెట్టుకుంటా!"

"చర్చిలో టోపీయా? తీసెయ్యకపోతే మీ అమ్మ ఊరుకుంటుందా?"

దుకాణమంతా గొల్లున నవ్వింది. థాడియస్ తిట్టుకుంటూ వీధి చివరి ఆసుపత్రికి పరుగెత్తాడు. సాయంత్రం మందుల సంచితో తిరిగొచ్చాడు.

"డాక్టరమ్మ నా తల చూసి నవ్వింది. ఆ పోలీసుల సంగతి చెబితే మాత్రం నవ్వలేదన్నా. కుర్చీ దగ్గరికి లాక్కుని అంతా వింది," అన్నాడు నెమ్మదిగా.

లూషస్ మిషన్ అందుకోబోయి ఆగి, మళ్లీ పట్టీ తీశాడు.

"పద్ధతి పద్ధతే. చెయ్యి చాపు."