కొసరు తీసేసిన వేసవి

కిందటి నెల గుంటూరులో ఒక మేనేజ్‌మెంటు కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళి, చిన్న ఊళ్ళలో కొత్త వ్యాపారాలు ఎలా పుడతాయో గంటసేపు ఊదరగొట్టి వచ్చాను. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. అంతా అయిపోయిందనుకుంటుండగా వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మీరు సలహా ఇచ్చిన మొట్టమొదటి వ్యాపారం ఏదండీ?" అని అడిగింది. మద్రాసులో ఒక బట్టల కంపెనీ అన్నాను. అబద్ధం. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న అబద్ధం కాబట్టి తడుముకోకుండా వచ్చేసింది. నా సలహా విన్న మొదటి మనిషి మా మేనత్త. ఎనభైల మధ్యలో, ఒక్క వేసవిలో, ఆవిణ్ణి నిలువునా ముంచాను.

మా మేనత్తది అద్దంకిలో చర్చి వెనక వీధి. రెండు గదుల ఇల్లు, ముందు ఒక అరుగు. మామయ్య పోయాక ఆవిడ ఎనిమిదేళ్ళపాటు మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేలమీద గొంతుక్కూర్చుని కాయ కాయకీ తొడిమ తుంచాలి. వేళ్ళు మండుతాయి, దగ్గు వదలదు, కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యే శత్రువు. చివరికి ఒకరోజు "చచ్చినా మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కను" అని ఇంటికొచ్చేసి, రోట్లో కారం దంచి అరుగు మీద అమ్మకానికి పెట్టింది. మా వైపు కాస్త కలిగినవాళ్ళంతా వేసవిలో ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుంటారు. ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్ళు ఎక్కణ్ణుంచి కొట్టించుకుంటారు? వాళ్ళకోసం మా అత్త ఒక్క పూట కూరకి సరిపడా కారాన్ని పాత పేపరులో పొట్లం కట్టి ఇచ్చేది. పత్తి చేల నుంచి, మిరప చేల నుంచి వచ్చే ఆడవాళ్ళు సాయంత్రమయ్యేసరికి ఆ అరుగు చుట్టూ మూగేవాళ్ళు. నేను వైజాగు కాలేజీలో రెండేళ్ళు కూర్చుని చదివిన వ్యాపారమంతా ఆవిడ బడి మొహం చూడకుండానే చదివేసింది. ఆ సంగతి నాకప్పుడు తెలిస్తే ఎంత బాగుండేది!

ఇక కొసరు. గిద్దతో కారం కొలిచాక, పొట్లం మడిచేముందు ఆవిడ చెంచాతో ఇంకాస్త వేసేది. అసలు కన్నా కొసరు ముద్దని ఊరికే అన్నారా! అది అందరికీ ఒకేలా పడేది కాదు. ఇంటినిండా పిల్లలున్న ఆవిడకి చెంచా నిండుగా, ఒంటరి ముసలమ్మకి రెండుసార్లు, నోరు పెట్టుకుని బతికే ఆవిడకి చెంచా కొసతో. కూలి దొరకని రోజున ఎవరైనా అన్నిటికన్నా చిన్న పొట్లం అడిగితే, కొసరే ఆ పొట్లమంత పడేది. పెట్టినట్టూ ఉండదు, అడుక్కున్నట్టూ ఉండదు.

నేను తగుదునమ్మా అని దిగాను. సెలవుల్లో ఏదో ఒక వ్యాపారాన్ని బాగుచేసి రిపోర్టు రాయాలి, కాలేజీ నియమం. మూడురోజులు అరుగు మీద కూర్చుని చూసి, "కొసరంటే కుండకి చిల్లు అత్తా" అని తేల్చేశాను. అందరికీ ఒకటే తూకం, ఒకటే పాకెట్టు, అతికించి అమ్మాలన్నాను. అత్త గొణిగింది. "కొసరెయ్యకపోతే బాగోదేమోరా." నేను వదల్లేదు. "ఏమో నాయనా, చదువుకున్నోడివి, నీకు తెలీదా" అంది. పాలిథీన్ సంచుల అంచుని రంపపు బ్లేడు మీద మడిచి, కొవ్వొత్తి మంటకి చూపిస్తే అతుక్కుపోతుంది. ఇద్దరం కూర్చుని అరుగు నిండా పాకెట్లు చేశాం. ఆవిడ వాటిని వరసగా పేర్చుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. నేను ఆ ఊపులోనే రిపోర్టు రాసి పోస్టులో పడేశాను.

మొదటి సాయంత్రం వచ్చిన ఒకావిడ పాకెట్టుని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి అరుగు మీద పెట్టేసింది. "వాసనన్నా తెలీకుండా ఎట్టా కొనేదమ్మా? లోపల ఇటికపొడుందో ఏవుందో!" ఇంకొకావిడ మొహమాటానికి కొని, కదలకుండా అరచెయ్యి చాపింది. "మరి కొసరో?" అత్త నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. "పాకెట్టుకి కొసరుండదమ్మా" అని అత్త తల దించుకుని చెప్పింది. చాపిన చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి, వెనక్కి వెళ్ళిపోయింది. నా బతుకులో నేను చేసిన పాడుపనుల్లో ఆ తల ఊపడమే మొదట గుర్తొస్తుంది.

వారం తిరక్కుండా అరుగు ఖాళీ. చదువుకున్న మేనల్లుడు రాగానే ఆవిడకి కళ్ళు నెత్తికెక్కాయని వీధంతా అనుకున్నారు. నాలుగిళ్ళ అవతల ఇంకెవరో గిద్దా చెంచా పట్టుకుని కూర్చున్నారు. పాకెట్లన్నీ చింపేద్దాం, రేపటినుంచి రెట్టింపు కొసరు వేద్దువుగాని అన్నాను. అత్త నామీద కోప్పడనైనా లేదు. "ఒకసారి తీసేసింది మళ్ళీ పెడితే అది కొసరు కాదురా, లంచం అవుద్ది" అంది. అయినా నా మాట కాదనలేక మళ్ళీ రోలు ముందేసుకుంది. ఇద్దరు ముసలమ్మలు వచ్చారు, అంతే.

నా రిపోర్టుకి ఫస్టు మార్కులొచ్చాయి. ఆ మార్కులు చూపించే ఉద్యోగం తెచ్చుకున్నాను. మరుసటేడు వేసవిలో అద్దంకి వెళితే ఇంటికి తాళం వేసి ఉంది. వీధిలో ఎవర్నీ అడగలేదు, నేరుగా షెడ్డుకే వెళ్ళాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎర్రటి కుప్ప ముందు ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది మా అత్త. నన్ను చూడగానే దగ్గుతూనే లేచి, "మా మేనల్లుడు! వ్యాపారం చదివి ఫస్టొచ్చాడు!" అని అందరికీ చూపించింది. అందులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. దగ్గరికి వెళ్ళబోతే, "రాకురా, నా చేతులు మంట" అని వాటిని వెనక్కి దాచుకుంది. తప్పు నాదే అత్తా అని చెప్పడానికే అంతదూరం వెళ్ళాను. "ఒంట్లో ఎలా ఉంది?" అని మాత్రం అడిగి వచ్చేశాను.

ఇంకో వేసవికి చెబుదాం, కాస్త కుదురుకున్నాక చెబుదాం, తొందరేముంది అనుకున్నాను. ఆ దగ్గుతోనే ఆవిడ ఇంకో రెండేళ్ళు తొడిమలు తీసి పోయింది. ఇప్పుడు రిటైరై కూర్చున్నాను. నాకిప్పుడు కావలసినంత టైముంది.