ధూపం పొగ కాదనుకున్నాం

మా పాపకి ఆయాసం ఎందుకొచ్చిందని ఎవరడిగినా నేను సగం మాటలో ఆగిపోతాను. మా ఇంటి వెనక కొబ్బరి తోట, దాని వెనక పట్నం చెత్తంతా పోసే యార్డు. మేం అద్దెకు దిగినప్పుడు అది తోట దాటి కనబడేది కాదు. ఇప్పుడు డాబా ఎక్కక్కర్లేదు, వంటింటి కిటికీలోంచే దిబ్బ కనిపిస్తుంది. రాగి తీగలు ఏరుకునేవాళ్లు అంటిస్తారో, ఎండకి దానంతటదే అంటుకుంటుందో, నెలలో సగం రోజులు అక్కడ నిప్పు ఉంటుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఒకావిడ కొత్త పట్టు జాకెట్టు వాసన చూసి, దీన్ని కుట్టావా, కాల్చావా అని అడిగింది. నవ్వేశాను గానీ ఒళ్లు మండిపోయింది.

పాపకి ఆరేళ్లు. మొదట దగ్గు, తర్వాత పిల్లికూతలు. వీధి చివర బడికి నడిచి వెళ్లాలన్నా మధ్యలో రెండుసార్లు కూర్చునేది.

మా అత్తది శ్రీకూర్మం దగ్గర పల్లె. కంపుకీ, దగ్గుకీ, దోమకీ, దిష్టికీ ఆవిడకి తెలిసిన మందు ఒకటే, ధూపం. మూకుట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి, వెల్లుల్లి పొట్టు, గుప్పెడు వాము చల్లేది. పొద్దు వాలగానే దిబ్బ కంపు రాకుండా తలుపులూ కిటికీలూ మూసి, కొంగుతో విసురుతూ గదిగదికీ తిప్పేది. పాపకి తలంటిన రోజు మూకుడు మీద బుట్ట బోర్లించి, జుట్టు దాని మీద పరిచి మరీ పట్టేది. ఇల్లంతా గుడిలా ఉండేది. నాకూ ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఇంట్లో పొగ ఏమైనా ఉందా అని డాక్టరమ్మ మొదటిసారే అడిగింది. లేదండీ, మాది గ్యాసు పొయ్యి అన్నాను. చుట్టా బీడీ సంగతి అడిగితే, మా ఆయన ముట్టడనీ, మా అత్త కూడా చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ మానేసి చాన్నాళ్లయిందనీ గొప్పగా చెప్పాను. రెండోసారీ అదే అడిగింది, నేనూ అదే చెప్పాను. మూడోసారి పాప వీపు మీద గొట్టం పెట్టి వింటుంటే ఆవిడకి జుట్టులోంచి వాసన తగిలింది. ఇదేమిటమ్మా అంది. రోజూ ధూపం వేస్తామండీ అన్నాను, మెచ్చుకుంటుందనుకుని. ఆవిడ పెన్ను కింద పెట్టేసి, మరి అది పొగ కాదా అంది. ఆ మాట అనేదాకా నాకు నిజంగానే తట్టలేదు. పొగంటే దిబ్బది. ధూపం మందు.

ఇంటికొచ్చి చెప్తే అత్త మూకుడు తీసుకెళ్లి పెరట్లో బోర్లించింది. ఆ వారం పాపకి తెరిపిచ్చింది. అమ్మయ్య, కారణం దొరికిందనుకున్నాను. పై వారం దిబ్బ అంటుకుని గాలి మా వైపు తిరిగింది, పాప ఆయాసం మళ్లీ మొదటికొచ్చింది. మరి తగ్గింది ధూపం మానినందుకా, దిబ్బ ఆరి ఉన్నందుకా? డాక్టరమ్మని అడిగితే రెండూ మంచివి కావు, వీలైతే ఇల్లు మారండి అంది. వీలైతే అనడం ఎంత తేలికో.

మా వీధివాళ్లమంతా దిబ్బ మీద అర్జీ పెట్టుకున్నాం. కొన్నాళ్లకి మున్సిపాలిటీ నుంచి ఒకతను ఫోనులో ప్రశ్నలు పెట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. నేను పాప మందుల చీటీలన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నాను. అతను ముందుగా అడిగింది, ఇంట్లో ఏమైనా కాలుస్తారా అని. నేను నోరు తెరిచేలోపు గుమ్మంలో కూర్చున్న అత్త అందుకుంది.

"నానేనయ్యా. రోజూ నానే ధూపమెట్టినాను. తెలీక మా గుంటకి, నా మనవరాలికి, నానే పొగ పట్టీసినాను. ఇప్పుడు మానీసినాను, అదీ రాసుకో."

ఇంట్లో పొగ ఉందని అతను నొక్కడం చూశాను. మానేశామన్నదానికి అందులో చోటు లేదట. దిబ్బ సంగతేమిటి బాబూ అంటూ చీటీలు ముందుకు తోశాను. ఇంట్లో పొగ ఉందంటే దిబ్బ ప్రశ్న ఇంక ఫోనులో రాదండీ అన్నాడు, మర్యాదగానే. లేచి పక్కింటికి వెళ్లాడు.

అత్త మీద పట్టలేనంత కోపం వచ్చింది. అంతలోనే సిగ్గేసింది. ఆవిడ చెప్పింది నిజమే కదా. నేనైతే దాచేదాన్ని. దాచడం తప్పో ఒప్పో నాకిప్పటికీ తేలదు.

"నిజం సెప్పీసినాను గదే. ఇంక దిబ్బ తీసీస్తారేటి?" అంది అత్త.

తీయరని చెప్పాను. ఎందుకు తీయరో కూడా చెప్పాను, కాస్త గట్టిగానే. సాయంత్రం ఆవిడ బడి నుంచి వచ్చిన పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు రాస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"గుంటకిది నా వల్లే వచ్చినాదా?"

కాదత్తా అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ చూస్తోంది. కానీ నాకు తెలియదు. పాప గుండెల్లో కూత మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. మందు తెస్తానని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.