టబ్బుకు పోబోయిన ఫోన్

మా యారాలి ఫోన్‌ను చూస్తే నాకు ఒళ్లు మంట. మరిది భార్య మీద కుళ్లుకోవడం మర్యాద కాదని తెలుసు. అయినా కుళ్లుకున్నాను.

నా ఫోన్‌కు ఒక్క గీత లేదు. వేరుశనగ పీకడానికి పోయినా కొంగున ముడేసుకుని కాపాడుకున్నాను. ఒకరోజు వీడియో కాల్ యాప్ తెరిస్తే, ఇక ఈ ఫోన్‌లో పనిచేయదని వచ్చింది. గద్వాలకు పోయి సెల్ షాపులో చూపించాను.

“ఫోన్ మంచిగనే ఉందమ్మా. కొత్త యాప్ దీంట్ల నడవది. వేరేది కొనుక్కోవాలె,” అన్నాడు షాపాయన.

మంచిగా ఉన్నదాన్ని ఎందుకు మార్చాలని అడిగితే కొత్త ఫోన్ల ధరలు చూపించాడు. పత్తి అమ్మాక చూద్దామన్నాడు మా ఆయన.

వనపర్తి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా కూతురు అప్పటినుంచీ ఆదివారం వీడియో కాల్ యారాలికే చేసేది. మా ఊరు గట్టులో రెండిళ్లూ పక్కపక్కనే. యారాలు ముందు తాను తీరిగ్గా మాట్లాడుకుని, “అక్కా, బిడ్డ ఫోన్ జేసింది, రా,” అని పిలిచేది. నేను పోయేసరికి నవ్వులన్నీ అయిపోయేవి. నాకు మిగిలేది “తిన్నవా” అన్న ఒక్క మాట. కన్నది నేను, కబుర్లేమో ఆమెకు!

ఓ ఆదివారం, పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులిచ్చే అతను బండి మీద వచ్చాడు. యారాలు ఇంట్లో పడున్న రెండు పాత ఫోన్లిచ్చి ఇంత పెద్ద టబ్బు తీసుకుంది. నాకు మనసాగలేదు. నా ఫోన్ కూడా తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతని సంచిలో నిగనిగలాడే ఫోన్లు ఎన్నో ఉన్నాయి.

“ఇవన్నీ ఖరాబైనయా?”

“లేదమ్మా. యాప్‌లు నడుస్తలేవంట, ఇస్తుండ్రు.”

నాకు చిన్న టబ్బు ఇచ్చాడు. ఆమెకు పెద్దది, నాకు చిన్నదా అని గొడవ పెట్టుకున్నాను. “ఒక్క ఫోన్‌కు గంతేనమ్మా. సిమ్ము తీసుకో,” అంటుండగానే అతని చేతిలో ఫోన్ మోగింది.

నా కూతురు. మామూలు కాల్. లాక్కుని ఎత్తాను.

“అమ్మా, చిన్నమ్మ పక్కకుందా?”

మళ్లీ ఆమే! “ఉంది. ఇయ్యాల్నా?”

“వద్దు. నువ్వు జర అవతలకు పో.”

ఇంటి వెనక్కి పోయాను. అప్పుడు ఏడ్చింది. “నాకు ఈడ ఉండబుద్ధి అయితలేదమ్మా. చిన్నమ్మ ముందర చెప్పరాక ఊకె నవ్వుతున్న.”

“ఏడ్వకు బిడ్డా,” అన్నాను. ఆ ఏడుపు యారాలికి పోకుండా నాకే దక్కినందుకు సంతోషమూ వేసింది. టబ్బు వాపసిచ్చి, ఫోన్ కొంగున ముడేసుకున్నాను.

“ఎవరక్కా?” అంది యారాలు మెడ సాచి.

“నా బిడ్డ. నాతోని మాట్లాడనీకె చేసింది.”

తెల్లారి మొదటి బస్సుకు వనపర్తి పోతున్నానని మాత్రం ఆమెకు చెప్పలేదు.