తూర్పు కిటికీలో తిట్ల కీర్తన

ఇవాళ పొద్దున కూడా నా ఫోన్‌లోకి పచ్చిక బయలు వచ్చి పడింది. మా చర్చి సంఘం గ్రూపులో ఎవరో ఒకరు తెల్లవారకముందే ఒక పచ్చటి మైదానం, దాని మీద నాలుగు గొర్రెలు, వెనకాల సూర్యోదయం, పైన బంగారు రంగు అక్షరాలతో బైబిల్లోని కాపరి కీర్తన పంపిస్తారు. వెంటనే దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరతాయి. నేను సికింద్రాబాదులో పుట్టి, రైల్వే ఆఫీసులో ఫైళ్ల మధ్య తల నెరిసి, ఇప్పుడు మౌలాలిలో కాలక్షేపం చేస్తున్న మనిషిని. గొర్రెలంటే నాకు రోడ్డుకు అడ్డంగా నిలబడి హారన్ కొట్టినా కదలని జీవాలు. సరే, అదీ పోనీ అనుకుందాం. నూట యాభై కీర్తనలుంటే ఈ జనానికి కాపరి ఒక్కడే ఎందుకు కనపడతాడో నాకు అర్థం కాదు. మిగతా వాటిలో ఆ కీర్తనలు రాసిన భక్తుడు ఏడుస్తాడు, సణుగుతాడు, నిద్రపోతున్నావా అని దేవుణ్ణే నిలదీస్తాడు, శత్రువుల పళ్లు రాలగొట్టమంటాడు, వాళ్లు నత్తల్లా కరిగిపోవాలంటాడు. నత్త బొమ్మ పెట్టి శుభోదయం చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అలాగని నేనేదో పెద్ద భక్తుణ్ణని కాదు. రిటైరైనప్పటి నుంచీ రోజుకో కీర్తన చదువుతున్నాను, రోజూ విసుక్కుంటూనే చదువుతున్నాను. ఆ భక్తుడు నిన్న ఆకాశానికెత్తిన దేవుణ్ణే ఇవాళ నన్నెందుకు విడిచిపెట్టావంటాడు. రేపటికి మళ్లీ సితారా తీస్తాడు. ఒక్క మాట మీద నిలబడడు కదా! పైకే అనేస్తే వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయన సంగతి సరే, మీరేమన్నా నిలబడతారా? పొద్దున చాయ్‌ల చక్కెర ఎక్కువంటరు, సాయంత్రం తక్కువంటరు" అంటుంది. ఈ ఇంట్లో ధ్యానం చేసుకోవడం అంత సులువు కాదు. కానీ ఈ విసుగంతా నాకు అంటించింది కీర్తనలు కాదు, మెట్టుగూడలోని మా మేనత్త.

మా అత్త రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు భార్య. మామ పోయాక ఆ చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమెకు కీర్తనల గ్రంథం ఒక మందుల పెట్టె. పిల్లల పరీక్షకొక కీర్తన, ప్రయాణానికి కొండల తట్టు కన్నులెత్తేది, జ్వరానికి తొంభై ఒకటి, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయకపోతే ఇంకొకటి. మన దగ్గర చాలామంది పెద్దవాళ్లకు ఈ అలవాటుంది, కానీ మా అత్త డాక్టరు కంటే కచ్చితంగా ఉండేది. నాకు గ్యాస్ పట్టేసిందని చెబితే సుత, "ఆగుర, దానికొకటుంది" అని కళ్లద్దాలు వెతికేది. మనతో మాట్లాడేటప్పుడు ఏందిరా, గిట్లెందుకు చేసినవ్‌రా అనే మనిషి బైబిలు తెరవగానే పాతకాలపు గ్రాంథికంలోకి దిగిపోయేది. ఒక్క ఒత్తు జారేది కాదు. తూర్పు కిటికీ దగ్గర పీట వేసుకుని, లైటు వేయకుండా, సూర్యుడి వెలుగు పేజీ మీద పడేదాకా ఆగి, అప్పుడు గట్టిగా చదివేది. ఆ వెలుగులో చదివితేనే చదివినట్టు. కరెంటు వెలుగులో చదివేది పేపరట.

ఆ కిటికీకి అవతల పక్కింటివాళ్లు విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆయనేదో కంపెనీలో ఉద్యోగం. ఆవిడ పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, తులసికి నీళ్లు పోసి, మా అత్తతో కిటికీలోంచి నాలుగు మాటలాడి పోయేది. క్రిస్మస్‌కి ఇటునుంచి కేకు, దసరాకి అటునుంచి పులిహోర. అంత బాగున్నవాళ్లు, ఉన్నట్టుండి ఇంటి మీద ఒక గది లేపారు. గదికి మెట్లు కావాలి కదా, ఆ మెట్లను, వాటి పక్కన నిలువెత్తు గోడను తెచ్చి సరిగ్గా మా అత్త కిటికీకి ఎదురుగా నిలబెట్టారు. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. సూర్యుడు పోయాడు. పట్టపగలు కూడా ట్యూబ్‌లైటు వేసుకోవలసి వచ్చింది. మా అత్త వెళ్లి అడిగింది. వాళ్లాయన, మా స్థలంలో మేం కట్టుకున్నామండీ అన్నాడట. ఆవిడ తలొంచుకుని నిలబడిందట గానీ ఒక్క మాట అనలేదట. మా అత్తకు మండింది ఆయన మాటకు కాదు, ఆవిడ నోరు విప్పకపోయినందుకు.

"అత్తా, పెద్దమనుషులను పిలిచి మాట్లాడుదాం" అన్నాను.

"పెద్దమనుషులెందుకుర? నాకు దేవుడు లేడా?" అంది.

అనడమే కాదు, మర్నాటి నుంచీ షురూ చేసింది. నూట తొమ్మిదో కీర్తన. శత్రువుకు ఆయుష్షు తగ్గాలని, శాపం వాడి ఎముకల్లోకి నూనెలా ఇంకాలని అడిగే కీర్తన అది. మా సంఘంలో దాన్ని ఎవరూ పైకి చదవరు. వరసలో వస్తే మా పాస్టరు అయ్యగారు కూడా ఆ రోజు పాట ఎక్కువ పాడించి వాక్యం తగ్గించేస్తారు. మా అత్త మాత్రం ట్యూబ్‌లైటు కింద, కిటికీ బార్లా తెరిచి, ఆ గోడకేసి చూస్తూ, ప్రతి అక్షరం పలికించి చదివేది. నేను తల పట్టుకున్నాను. "అత్తా, శత్రువులను ప్రేమించమని ప్రభువు చెప్పిండు గద" అంటే, "చెప్పిండు. ముందుగాల తిట్టనీ, తర్వాత ప్రేమిస్త" అంది.

కొన్నాళ్లకు పక్కింటావిడ ఆ కొత్త మెట్ల మీదే జారి పడింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆవిడకు షుగరుంది, గాయం మానలేదు, చీము పట్టింది, మళ్లీ ఆపరేషన్ అన్నారు. కాలు దక్కుతుందో లేదో, మనిషే దక్కుతుందో లేదో అని వీధిలో గుసగుసలు.

మా అత్త ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి బైబిలు గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టేసింది. "ఎముకలల్లకే పోయిందిర. నేనేం సదివిన్నో గదే అయింది. ఇగ నా నోరు ఖరాబైందిర. ఈ నోటితోని దేవుని పేరెత్తను" అంది. అది అమాయకత్వం, మూఢత్వం అని నేను గట్టిగానే కేకలేశాను. అక్కడ మెట్ల మీద నీళ్లున్నాయి, కాలు జారింది, అంతే కదా అన్నాను. అయ్యగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన జవాబు అచ్చం మా ఆఫీసు నోటులా ఉంది. అవుననీ లేదు, కాదనీ లేదు, చివర ప్రార్థన చేద్దాం అని సంతకం. మా అత్త మోకరించింది గానీ నోరు తెరవలేదు. తర్వాత భోజనం ముందు కూడా ప్రార్థన చేయడం మానేసింది. అన్నం ముందు తల వంచుకుని ఊరికే కూర్చుని, కాసేపటికి ముద్ద కలుపుకునేది. మామ పోయినప్పుడు కూడా అంత ఒంటరిగా కనపడలేదు ఆమె. దేవుడు ఉన్నాడు, కానీ ఆయనతో మాటలు లేవు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం నా ప్రాణాల మీదికి వచ్చింది. తన నోరు పనికిరాదు కనుక నా నోరు కావాలి. పొద్దున్నే మౌలాలి నుంచి స్కూటర్ మీద వచ్చి, ఆ కిటికీ దగ్గర నిలబడి, జబ్బు నయం చేయమని అడిగే స్వస్థత కీర్తనలు ఆ గోడకేసి చదవాలి. చలికాలం. మంచులో కళ్లద్దాలు మసకబారి, స్పీడ్‌బ్రేకర్లు కనపడక, నడుం విరుగుతూ వచ్చి నేను చదువుతుంటే వెనక నుంచి విమర్శలు.

"రెండో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి బండి వస్తున్నదన్నట్టు సదువుతవేందిర? జెర మనసు పెట్టి సదువు. ఇంక గట్టిగ. గోడ దాటాలె."

"ఆవిడ హాస్పిటల్ల ఉంది కదత్తా. గోడకు చెప్తే ఎట్ల పోతది?"

"దేవునికి అడ్రస్ తెల్వదార?"

"తెలిస్తే మరి గట్టిగ ఎందుకు?"

"నాతోని లా పాయింట్లు మాట్లాడకు. తిట్టింది గీ కిటికీల నుంచి, దీవెన సుత గిట్లనే పోవాలె."

హాస్పిటల్‌కి పోయి ఒకసారి చూసిరా అత్తా, ఆ బాధ తీరుతుంది అని ఎన్నిసార్లు చెప్పానో. ఏ ముఖం పెట్టుకుని పోవాలె అనేది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది తప్ప ఆమె గడప దాటలేదు. నేను మాత్రం రోజూ గడప దాటుతూనే ఉన్నాను. ఈలోపు నాకు జలుబు చేసింది, దగ్గు పట్టుకుంది. దానికి కీర్తన ఏదీ చెప్పలేదు ఆమె. నీ దగ్గుకు మిరియాల కషాయం తాగు అంది.

ఒకరోజు అలాగే కిటికీ దగ్గర దగ్గుతూ చదువుతున్నాను. గోడ అంచుకు అవతల, మెట్ల కింది వరండాలోంచి పక్కింటావిడ గొంతు వినిపించింది. పక్కకు ఒరిగి చూస్తే ఆవిడే. ముందు రోజు సాయంత్రం ఆవిణ్ణి ఇంటికి తెచ్చారట, మాకు తెలియనే తెలియదు. కాలు చాపుకుని కుర్చీలో కూర్చుంది, పక్కన వాకరుంది. మనిషి సగమైపోయింది.

"పిన్నిగారండీ, ఈయన చేత చదివిస్తన్నారేటి? ఒంట్లో బాగులేదేటి మీకు?"

మా అత్త గోడకు చేరబడిపోయింది. నేను సంజ్ఞ చేశాను, మాట్లాడు అని. అత్త కిటికీ దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుంది.

"నేను నిన్ను శపించిన్నమ్మా" అంది. "గీ గోడ కట్టినప్పటి సంది రోజూ శపించిన్న. నీ ఎముకలల్లకు పోవాలని సదివిన్న. గందుకే గిట్లయింది నీకు."

అవతల ఆవిడ వాకరు దగ్గరికి లాక్కుంది.

"తెలుసండి" అంది ఆవిడ. "మా తాతగారు పురాణం చదివీవోరు, ఆ భాష నాకు తెలీదేటి? ఎముకల్లోకి నూనె అన్నది కూడా విన్నాను. ముందు కోపమొచ్చీసింది. అడగడానికి వద్దామనుకున్నాను గానీ, ఏ ముఖం పెట్టుకుని వస్తాను? గోడ అక్కడొద్దని మా ఆయనతో ఒక్క మాట అన్లేకపోయినాను. ఇక మెట్ల మీద నీళ్లొంపి వదిలీసింది మా ఆయన. మీ దేవుడు కాదండి."

మా అత్త ఊచలకు తల ఆనించి ఏడుస్తోంది. ఆవిడ ఆగలేదు.

"హాస్పిటల్లో చీము తీసీటప్పుడు నొప్పి, పిన్నిగారూ, చెప్పలేను. మా దేవుడికి నేను పువ్వులెట్టడమే గానీ ఒక్కనాడు నోరెత్తలేదు. తిట్టాలనిపించింది. ఎలా తిట్టాలో తెలీలేదు. అప్పుడు మీ గొంతు గుర్తొచ్చింది. అంత కోపం కూడా దేవుడి ముందు పెట్టుకోవచ్చు గదా అనుకున్నాను. అలాటిది ఏదైనా ఉంటే నా కాలి కోసం చదవండి. బాగైపోద్దని కాదు. నొప్పిగా ఉంది, అందుకు."

నేను నా చేతిలోని స్వస్థత కీర్తన వంక చూసుకుని సిగ్గుపడ్డాను. మా అత్త ముక్కు తుడుచుకుని, "బీరువా మీదికెళ్లి నా బైబిలు తీయర" అంది. ట్యూబ్‌లైటు వేయమంది. గుడ్డ విప్పింది. ఎన్నాళ్లు మరచిపోతావు, ఎన్నాళ్లు ముఖం దాచుకుంటావు అని దేవుణ్ణి అడిగే పదమూడో కీర్తన తీసింది. మొదటి మాట దగ్గరే ఆగి కళ్లద్దాలు తుడుచుకుంది. రెండోసారి మొదలుపెట్టింది. తర్వాత ఒక్క ఒత్తు జారలేదు. అవతల వరండాలో ఆవిడ, కాలు మీద చెయ్యి వేసుకుని, ప్రతి 'ఎన్నాళ్లు' దగ్గరా తల ఊపుతోంది. అది చిన్న కీర్తన. అయిపోగానే, "మళ్లీ ఒకసారి చదవండి పిన్నిగారూ" అంది. నేను నా స్కూటర్ తాళాలు తీసుకుని బయటపడ్డాను. నన్ను ఎవరూ ఆపలేదు, ఇంత కష్టపడి వచ్చినందుకు చాయ్ అయినా తాగిపొమ్మనలేదు.

వాకరు వదిలి కర్ర పట్టుకునే రోజులకి ఆవిడ మొదటిసారి మొగుడితో గట్టిగా మాట్లాడిందట. గోడ కూలగొట్టడం కుదరదు, పైన గదికెళ్లే మెట్లు నిలబడి ఉన్నది దాని ఆసరాతోనే. అందుకని మా అత్త కిటికీ వైపు గోడంతా తెల్ల సున్నం వేయించింది. వేసవిలో ఆ సున్నం మీద పైనుంచి ఎండ పడి, దాని వెలుగు తిరిగి కిటికీలోకి వచ్చేది. మునుపటి సూర్యుడు కాదు, మసకగా, కాస్త ఆలస్యంగా వచ్చే వెలుగు. అయినా మా అత్త ట్యూబ్‌లైటు ఆర్పేసింది. నూట తొమ్మిదోది మాత్రం వరసలో వచ్చినప్పుడు మానలేదు. "పక్కింటామెకు చెప్పి సదువుతున్నలే" అనేది నాతో.

అత్త పోయి కొంతకాలమైంది. ఆ ఇల్లు అద్దెకిచ్చాం. అద్దెవాళ్లు కిటికీకి కూలర్ బిగించారు. పక్కింటావిడ ఇప్పటికీ ఏడాదికోసారి ఆ గోడకు సున్నం వేయిస్తుందట. మొన్న అద్దెకోసం వెళ్లినప్పుడు, ఎవరికోసమమ్మా అని ఆవిణ్ణి అడిగాను. "మీ అత్తగారి వెలుగు కదండీ" అంది. నాకు దుఃఖం ఆగలేదు. అక్కడే, కూలర్ హోరులో, ముసలివాణ్ణి నిలబడి ఏడ్చాను.

అందుకే ఇవాళ గొర్రెలు రాగానే నేను పదమూడో కీర్తన పంపాను, ఏ బొమ్మా లేకుండా. బొమ్మల బారు టక్కున ఆగిపోయింది. అంతా బాగేనా బ్రదర్ అని ఒకాయన విడిగా ఫోన్ కూడా చేశాడు. ఆ కీర్తన ఎన్నాళ్లు అని అడుగుతుంది గానీ ఎన్నాళ్లో చెప్పదు. అడుగుతూ ఉండగానే మన రోజులు అయిపోతాయి. అవతల వరండాలో కూర్చుని తల ఊపినవాళ్లు మాత్రం, మనం పోయాక కూడా, ఏడాదికోసారి గోడకు సున్నం వేయిస్తూ ఉంటారు.