దిగిపోబోయిన మనిషి

డెబ్భైల చివర్లో నేను బీమా పని మీద గుంటూరు నుంచి వెళ్లి చిత్తూరు జిల్లా తిరిగేవాణ్ణి. ఒకరోజు పుంగనూరులో మదనపల్లె బస్సెక్కితే నా పక్కన చౌడేపల్లె రైతు మునెప్ప, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన ఆగకుండా దగ్గుతున్నాడు. మదనపల్లె ఆసుపత్రికి వెళుతున్నారట.

సగం దారిలో ఆయన లేచాడు. "ఆస్పత్రీ వద్దు, ఏమీ వద్దు. బండి ఆపప్పా, ఈడే దిగిపోతా."

ఎవరినైనా ఒప్పించగలనన్న ధీమా నాది. జబ్బు ముదిరితే ఏమవుతుందో, మందులతో ఎందరికి నయమైందో, పిల్లల గతేమిటో వరసగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాగా సెప్తాండావప్పా. దినామూ ఇదే పనేమో" అని మెట్ల వైపు నడిచాడు.

ఆయన భార్య కూర్చున్నచోటి నుంచే ఏడుస్తూ అంది: "నాకు బయంగా ఉండాది. నువ్వు లేకుంటే నేను బతకలేను."

బస్సంతా వింది. మా వైపు ఆడవాళ్లు నలుగురి ఎదుట మొగుడితో అలాంటి మాట అనగా నేనెప్పుడూ వినలేదు. మునెప్ప కాసేపు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఆమె పక్కన కూర్చుని, "పోదాం లే, ఏడ్సబాకు" అన్నాడు.

మదనపల్లెలో వాళ్ల మూట అందుకుని ఆసుపత్రి దాకా తోడు వెళ్లాను. దారిలో ఏమీ చెప్పలేదు.